కొండ ఊట నుంచి కాఫీ ఊరి కుళాయి దాకా: గ్రావిటీ నీటి పథకం ఎలా కట్టుకోవాలి

పాడేరు, అరకు, చింతపల్లి కొండల్లో కాఫీ పండించే ఊళ్ళలో చాలావాటికి నీళ్ళు దూరం కావు, మంచినీళ్ళే దూరం. ఊరికి పైన ఏదో బండ సందులోంచి ఊట కారుతూనే ఉంటుంది. ఆ నీరు గెడ్డలోకి (కొండ వాగులోకి) దిగి, పశువులు తొక్కి, పోడు మట్టి కలిసి, కాఫీ పండ్లు తొక్క తీసే రోజుల్లో ఆ పులుపు నీళ్ళు కూడా కలిసి, ఆడవాళ్ళు బిందె ముంచే చోటికి చేరేసరికి తాగడానికి పనికిరాకుండా పోతుంది. బోరు వేద్దామంటే రిగ్గు లారీ ఆ దారిన ఎక్కదు. ఎక్కినా చేతిపంపు చెడితే బాగుచేసే మనిషి రావడానికి వారాలు పడుతుంది.

అందుకే ఈ కొండలకు సరిపోయే పద్ధతి ఒకటుంది. ఊటను పుట్టిన చోటే పట్టి, పైపులో మూసి, వాలు మీద దానంతటదే ఊళ్ళోకి దిగేలా చేయడం. మోటారు అక్కర్లేదు, కరెంటు బిల్లు రాదు. ఏజెన్సీలో దీన్ని గ్రావిటీ పథకం అంటారు. నర్సీపట్నం ప్రాంతంలోని విశాఖ జిల్లా నవ నిర్మాణ సమితి లాంటి సంస్థలు తూర్పు కనుమల్లో ఇలాంటివి కట్టి చూపించాయి. ఇక్కడ చెప్పేదంతా 60 ఇళ్ళ ఊరిని లెక్కలోకి తీసుకుని చెబుతున్నాం. మీ ఊరు చిన్నదైతే అంకెలు తగ్గించుకోండి, పద్ధతి మారదు.

ఒక మాట ముందే చెప్పాలి. కాఫీ తోట, ఊట, ఊరు మూడూ ఒకే వాలు మీద ఉంటాయి. తోట పనిని పక్కన పెట్టి నీళ్ళ పని ఒక్కటే ఆలోచించిన చోట పథకం రెండో ఏడాదికే పాడవుతుంది.

పనికి ఏ నెలలు

కొలతలు ఏప్రిల్, మే నెలల్లో తీసుకోవాలి. కట్టుబడి మరుసటి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు చేయాలి. నవంబరు నుంచి జనవరి దాకా ఊరంతా కాఫీ పండ్ల కోతలో ఉంటుంది, గొయ్యి తవ్వడానికి మనుషులు దొరకరు. జూన్ దాటితే వానలకు కందకం కూలుతుంది, సిమెంటు పైకి మోయలేరు. ఫిబ్రవరికి కోత అయిపోతుంది, చేతిలో కాస్త డబ్బు ఉంటుంది, ఊట సన్నబడి దాని కన్ను, అంటే నీరు పుట్టే చోటు, ఎక్కడుందో స్పష్టంగా కనబడుతుంది.

కొలిచిన వేసవికీ కట్టే వేసవికీ మధ్య నెలలు గ్రామసభకు, కాగితాలకు సరిపోతాయి.

మండు వేసవిలో ఊటను కొలవండి

ఎక్కువ పథకాలు చెడేది ఇక్కడే. అక్టోబరులో చూస్తే ప్రతి ఊటా గలగలా పారుతుంది. ఆ లెక్కతో పైపు వేస్తే మే నెలలో కుళాయి తిప్పినప్పుడు గాలి మాత్రమే వస్తుంది.

ఊట దగ్గర ఆకులు, బురద తీసి, చుట్టూ మట్టితో చిన్న కట్ట పోసి, దానిలో ఒక పైపు ముక్క పెట్టి నీళ్ళన్నీ అందులోంచే వచ్చేలా చేయండి. పక్కల నుంచి కారిపోకుండా జిగట బంకమట్టి మెత్తండి. ఒక గంట ఆగి, ప్రవాహం నిలకడగా ఉందనుకున్నాక 15 లీటర్ల బకెట్టు పెట్టి, నిండటానికి ఎన్ని సెకన్లు పట్టిందో ఫోనులో చూడండి. ఐదుసార్లు కొలిచి సగటు తీయండి. పదిహేను రోజులకోసారి ఏప్రిల్ మొదటి వారం నుంచి మొదటి గట్టి వాన పడేదాకా కొలిచి, అన్నిటికన్నా తక్కువ వచ్చిన అంకెనే లెక్కలోకి తీసుకోండి.

బకెట్టు 50 సెకన్లలో నిండితే నిమిషానికి 18 లీటర్లు, రోజుకు సుమారు 25,900 లీటర్లు. 60 ఇళ్ళలో 300 మంది ఉన్నారనుకుందాం. ఇంటింటికీ కుళాయి ఇచ్చే కేంద్ర పథకం జల జీవన్ మిషన్ లెక్క ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్లు కావాలి, అంటే 16,500 లీటర్లు. కారిపోయేవి, రేపు పెరిగే ఇళ్ళు, పండగకొచ్చే చుట్టాలు కలుపుకుంటే 20,000. అంటే ఈ ఊట చాలు, దాదాపు 6,000 లీటర్లు మిగులుతాయి కూడా.

అదే బకెట్టు 90 సెకన్లకు నిండితే రోజుకు వచ్చేది 14,400 లీటర్లే. అప్పుడు రెండో ఊటను వెతికి కలపాలి. లేదా ఈ నీళ్ళు తాగడానికి, వంటకు మాత్రమేనని, బట్టలకు, స్నానాలకు గెడ్డ నీళ్ళేనని ఊరు ముందే ఒప్పుకోవాలి. ఒప్పుకోకుండా కడితే వేసవిలో పై వీధికీ కింద వీధికీ గొడవ తప్పదు.

ఆ గెడ్డ మీద కింద ఇంకో ఊరు ఆధారపడి ఉంటే, వాళ్ళ పెద్దల్ని కూడా కొలత రోజు పిలవండి. ఎంత తీసుకుంటారో, ఎంత వదులుతారో కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు, వేలిముద్రలు వేయండి. కొన్ని ఊటల దగ్గర దేవుడి స్థలం ఉంటుంది. అక్కడ గునపం దింపే ముందు పూజారితో మాట్లాడాలి, వాళ్ళు ఎక్కడ తవ్వొద్దంటే అక్కడ తవ్వకూడదు.

నీరు తాగడానికి పనికొస్తుందా

ఈ కొండల్లో ఖొండలైట్ రాయి ఎక్కువ. ఇక్కడి గిరిజనులైన ఖొండుల పేరే ఆ రాతికి పెట్టారు. అది పైన పొరలు పొరలుగా కుళ్ళి, మెత్తబడి, వాన నీటిని తాగుతుంది. కింద గట్టి రాయి తగిలిన చోట ఆ నీరు పక్కకు తిరిగి ఊటగా బయటపడుతుంది. ఇలా రాతి సందులోంచి నేరుగా వచ్చే నీరు సాధారణంగా శుభ్రంగానే ఉంటుంది. ఏటి నీరులా మట్టి రంగుతో, వాన పడ్డ గంటలోనే బురదగా మారేదైతే అది అసలైన ఊట కాదు, పైన ఎక్కడో ఇంకి వెంటనే బయటికొస్తున్న నీరు. వానకు ముందూ వాన తర్వాతా గాజు గ్లాసులో పట్టి చూస్తే తేడా తెలిసిపోతుంది.

పరీక్షలు రెండుసార్లు చేయించండి, వేసవిలో ఒకసారి, తొలకరి తర్వాత ఒకసారి. పంచాయతీలో ఉండే ఫీల్డ్ టెస్ట్ కిట్టుతో పీహెచ్ (పులుపు కొలత), ఇనుము, నైట్రేటు, ఫ్లోరైడు చూడొచ్చు. దీని మీద ఊరికి ఐదుగురు మహిళలకు శిక్షణ ఇవ్వాలని జల జీవన్ మిషన్ నియమం. మీ ఊళ్ళో ఆ శిక్షణ జరిగిందో లేదో ఆర్‌డబ్ల్యూఎస్ ఏఈని (గ్రామీణ నీటి సరఫరా శాఖ ఇంజనీరును) అడగండి. పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య, నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాముల లోపు ఉండాలి.

మలం కలిసిందా లేదా తేల్చే చిన్న సీసా పరీక్ష అన్నిటికన్నా ముఖ్యం. గుర్తు దాకా నీళ్ళు పోసి, మూత పెట్టి వెచ్చటి చోట ఉంచాలి. నల్లబడితే నీరు చెడ్డది. ఇందులో కొండ ఊళ్ళవాళ్ళు మోసపోయే చోటు ఒకటుంది. సీసా పని చేయాలంటే మన ఒంటి వేడికి దగ్గరగా ఉండాలి. లంబసింగి చలిలో గూట్లో పెట్టి, 24 గంటలకు నల్లబడలేదని నమ్మేస్తే ప్రమాదం. చలికాలంలో పొయ్యి గది గోడ పక్కన పెట్టి 48 గంటలు ఆగండి.

నీటిలో ఇనుము ఎక్కువైతే ఊట అంచున ఎర్రటి తెట్టు, నూనె తేలినట్టు పొర కనబడతాయి. అలాంటి ఊటను వదిలేసి వేరేది చూడటం మేలు.

అడవి భూమి, గ్రామసభ తీర్మానం

ఊట రిజర్వు ఫారెస్టులో ఉంటే పని ఆగిపోతుందని చాలామంది వెనక్కి తగ్గుతారు. అటవీ హక్కుల చట్టం 2006లో సెక్షన్ 3(2) చదవండి. తాగునీటి సరఫరాకు, నీటి పైపులకు హెక్టారు లోపు అటవీ భూమిని, గ్రామసభ సిఫార్సు మీద వాడుకోవచ్చు. కొట్టే చెట్లు హెక్టారుకు 75 మించకూడదు. మీ పైపు 1,200 మీటర్ల పొడవు, మీటరు వెడల్పు అనుకున్నా 1,200 చదరపు మీటర్లు, అంటే హెక్టారులో ఎనిమిదో వంతు కూడా కాదు. చెట్టు కొట్టాల్సిన పనే ఉండదు, పైపు చుట్టు తిరిగి పోతుంది.

తీర్మానంలో ఊట ఉన్న చోటు, పైపు దారి, వెడల్పు, పొడవు రాసి, చేతిగీత పటం జతచేసి, ఒక కాపీ అటవీ రేంజి కార్యాలయానికి, ఒకటి ఐటీడీఏకి (గిరిజనాభివృద్ధి సంస్థకు) ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. ఎస్సీ, ఎస్టీలు సగానికి మించి ఉన్న ఊళ్ళలో ఊరి లోపలి కట్టుబడి ఖర్చులో ప్రజల వాటా 5 శాతమేనని, దాన్ని శ్రమగానూ ఇవ్వొచ్చని జల జీవన్ మార్గదర్శకాల్లో ఉంది. కందకం తవ్వకాన్ని ఆ వాటాగా చూపమని అడగండి.

ఎత్తు తేడా, పైపు సైజు

ఊటకూ ట్యాంకుకూ ఎత్తు తేడా ఎంతో ఫోను జీపీఎస్ చెప్పలేదు. పది పదిహేను మీటర్ల తప్పు చూపిస్తుంది. మేస్త్రీలు వాడే పారదర్శక లెవల్ ట్యూబు 20 మీటర్లది, రెండు మీటర్ల కర్రలు రెండు తీసుకుని, ఊట నుంచి అంచెలంచెలుగా కొలుస్తూ దిగండి. ట్యూబులో గాలి బుడగ ఒక్కటి ఉన్నా కొలత తప్పుతుంది, ప్రతి అంచెలోనూ ఎత్తి చూడండి. ఇద్దరు మనుషులకు ఒక రోజు పని.

మన ఊరికి దూరం 1,200 మీటర్లు, దిగుడు 45 మీటర్లు వచ్చిందనుకుందాం. నీరు పైపులో రాపిడికి కొంత ఎత్తును పోగొట్టుకుంటుంది. నిమిషానికి 18 లీటర్లు పారేటప్పుడు 25 మి.మీ. హెచ్‌డీపీఈ (నల్ల ప్లాస్టిక్) పైపులో ప్రతి 100 మీటర్లకు 5 నుంచి 6 మీటర్ల ఎత్తు పోతుంది. 32 మి.మీ. పైపులో ఒకటిన్నర నుంచి రెండు మీటర్లే. 40 మి.మీ. పైపులో అర మీటరు. 1,200 మీటర్లకు 25 మి.మీ. వేస్తే 60 మీటర్ల పైన కావాలి, మనకున్నది 45, కాబట్టి నీరంతా రాదు. 32 మి.మీ. వేస్తే 18 నుంచి 24 మీటర్లు పోయి, మిగతాది ఒత్తిడిగా మిగులుతుంది. అదే సరైన సైజు. ధర తక్కువని 25 మి.మీ. కొని, ఊట పొర్లుతుంటే ట్యాంకు సగమే నిండుతోందని బాధపడే ఊళ్ళు ఉన్నాయి.

పైపు మీద పీఎన్ 6 అని ఉంటే 60 మీటర్ల ఎత్తు ఒత్తిడిని తట్టుకుంటుందని అర్థం. మొత్తం దిగుడు 50 మీటర్లు దాటితే మధ్యలో ఒత్తిడి తగ్గించే చిన్న తొట్టె కట్టాలి. నీరు అందులో బయటి గాలికి తెరుచుకుని, మళ్ళీ సున్నా ఒత్తిడితో మొదలవుతుంది. 100 మీటర్లు దిగే ఊరికి ఇలాంటి తొట్టె ఒకటి తప్పనిసరి. పైపు మీద ఐఎస్ 4984 ముద్ర చూసుకుని కొనండి.

ఊట తొట్టె

ఇంతవరకూ లెక్కలు. ఇది చేతి పని, తొందరపడకూడదు.

మొదట నీటిని పక్కకు మళ్ళించండి. 63 మి.మీ. పీవీసీ పైపు ముక్కతో ఊట నీరు పని జరిగే చోటు దాటి కింద పడేలా చేస్తే గొయ్యి ఎండుగా ఉంటుంది. తర్వాత ఊట వెనక్కి, వాలులోకి మెల్లగా తవ్వుతూ పోండి. పైన కనిపించే తడి అసలు కన్ను కాకపోవచ్చు. మెత్తటి మట్టి పోయి, గట్టి బండ మీద నీరు సన్నగా పొంగుతూ కనబడిన చోట ఆగండి. బండను సుత్తితో కొట్టకండి, మందుగుండు మాట అసలు ఎత్తకండి. సందు పగిలితే ఊట ఇంకో దారి చూసుకుంటుంది.

కన్ను ముందు, లోపలి కొలత మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు ఉండే తొట్టె కట్టాలి. మూడు వైపులా 1:2:4 (సిమెంటు, ఇసుక, కంకర) కాంక్రీటు గోడ, 15 సెం.మీ. మందం. నాలుగో వైపు, అంటే ఊట కన్ను వైపు, సిమెంటు లేకుండా కడిగిన రాళ్ళు పేర్చండి. ఆ రాళ్ళకూ వాలుకూ మధ్య కడిగిన పిక్క (గులకరాళ్ళు), పెద్దది వెనక, చిన్నది ముందు నింపండి. దాని పైన ఒక అడుగు మందాన బంకమట్టిని తడిపి, తొక్కి, గట్టిగా దట్టించండి. వాన నీరు పైనుంచి నేరుగా దిగకుండా కాపాడేది ఈ మట్టే. మూత, అడుగు పలక, గోడలు, ముందు గచ్చు, 1:3 (సిమెంటు, ఇసుక) పూత కలిపి 8 నుంచి 10 సిమెంటు బస్తాలు పడతాయి. బస్తా 50 కిలోలు, కొండ ఎక్కించాలి, కాబట్టి సగం సగం ప్లాస్టిక్ సంచుల్లో కట్టి మోయండి. పైకి చేరిన రోజే వాడేయాలి, మంచుకు రాత్రికి రాత్రి గడ్డకడుతుంది. పూత పూశాక ఏడు రోజులు తడి గోనె కప్పి ఉంచండి.

పైపులు నాలుగు పెట్టాలి. ట్యాంకుకు పోయే పైపు అడుగు నుంచి 15 సెం.మీ. పైన, మూతికి జల్లెడతో. అడుగున కడిగి వదిలే 63 మి.మీ. పైపు, బయట మూతతో. పైన ఓవర్‌ఫ్లో, ఇది కూడా 63 మి.మీ. తగ్గకూడదు, చివర స్టీలు మెష్ గట్టిగా బిగించాలి. మెష్ లేకపోతే కప్పలు చేరతాయి, చచ్చి కుళ్ళితే ఊరంతా విరేచనాలు. మూతలోంచి గాలి పైపు ఒకటి, కిందికి వంచి, దానికీ మెష్.

ఓవర్‌ఫ్లో ఎత్తు మీద అంతా ఆధారపడి ఉంది. ఊట కన్ను ఏ ఎత్తున పొంగుతుందో దానికి కనీసం నాలుగు వేళ్ళు కిందుండాలి. నీళ్ళు ఎక్కువ నిల్వ చేద్దామని ఓవర్‌ఫ్లో పైకి పెడితే, తొట్టెలో నిలిచిన నీరు ఊటను వెనక్కి నెడుతుంది. ఊట పక్క సందు వెతుక్కుని పది గజాల అవతల పైకొస్తుంది. మీరు కట్టిన తొట్టె ఎండిపోతుంది. నిల్వ ఊళ్ళో ట్యాంకు పని, ఊట తొట్టెది కాదు.

ఇంకో శత్రువు పీత. కొండ పీతలు గోడ పక్కన బొరియ చేసుకుంటే నీరు ఆ దారిన జారిపోతుంది. పీతల కోసం పిల్లలు రాళ్ళు తిప్పుతూ పిక్కను చెదరగొడతారు. గోడ బయట అర అడుగు వెడల్పున కాంక్రీటు పట్టీ వేసి, చుట్టూ పెద్ద రాళ్ళు పేర్చితే రెండిటికీ మందు.

తొట్టెకు 8 నుంచి 10 మీటర్ల పైన, వాలుకు అడ్డంగా, అడుగున్నర లోతు కాలువ తవ్వి వాన నీటిని పక్కకు మళ్ళించండి. చుట్టూ 15 మీటర్ల దాకా ముళ్ళ కంచె. ఆ పైన వాలులో మరుగుదొడ్డి గొయ్యి, పశువుల పాక, పల్పింగ్ షెడ్డు (కాఫీ పండు తొక్క తీసే చోటు) ఉండకూడదు.

పైపు పరచడం

32 మి.మీ. పైపు చుట్టల్లో వస్తుంది. రాళ్ళ మీద ఈడ్చకండి, ఇద్దరు మోసుకుంటూ విప్పండి. రెండు చివరలకూ గుడ్డ కట్టి ఉంచండి, మట్టి పోతే తర్వాత తీయడం నరకం. కంప్రెషన్ కప్లింగ్‌తో అతికేటప్పుడు చివర తిన్నగా కోసి, చాకుతో అంచు చెక్కి, లోపలి ఆపు తగిలేదాకా నెట్టి బిగించాలి. సగం నెట్టి బిగించిన అతుకు ఆ రోజు బాగానే ఉంటుంది, మొదటిసారి ఒత్తిడి పెరిగినప్పుడు ఊడుతుంది.

లోతు కనీసం రెండు అడుగులు, రెండున్నరైతే ఇంకా మంచిది. ఈ కొండల్లో నేల మీద వదిలేసిన పైపు మార్చి, ఏప్రిల్ నెలల్లో పోడు మంటలకు కరిగిపోతుంది. మిగిలింది పశువుల గిట్టల కింద నలుగుతుంది. బండ తగిలి తవ్వలేని చోటా, గెడ్డ దాటే చోటా జీఐ (జింకు పూత ఇనుప) పైపు వేసి రాతి దిమ్మలకు బిగించండి.

దారిలో ఎక్కడైనా పైపు పైకెక్కి దిగితే ఆ మిట్ట మీద గాలి చేరి నీటిని ఆపేస్తుంది. కుదిరితే ఎక్కుడు లేని దారి చూడండి, కుదరకపోతే మిట్ట మీద గాలి వాల్వు, పల్లంలో బురద వదిలే వాల్వు పెట్టండి. పూడ్చే ముందు నీళ్ళు వదిలి ఒక రాత్రి ఉంచి అతుకులన్నీ చూడండి. ప్రతి వాల్వు దగ్గరా, ప్రతి 50 మీటర్లకూ గుర్తు రాయి పాతండి. పాతినవాళ్ళు వలస పోయినా పైపు ఎక్కడుందో ఊరికి తెలియాలి.

ట్యాంకు, కుళాయిలు

ఊట రాత్రంతా పారుతుంది, ఊరు తెల్లవారి మూడు గంటల్లో వాడేస్తుంది. నిమిషానికి 18 లీటర్ల ఊట పది గంటల్లో 10,800 లీటర్లు నింపుతుంది, కాబట్టి 10,000 లీటర్ల ట్యాంకు చాలు. ఒకటే పెద్దది కన్నా 5,000 లీటర్లవి రెండు పక్కపక్కన పెడితే ఒకటి కడుగుతున్నప్పుడు ఇంకోటి పని చేస్తుంది. ఊళ్ళో ఎత్తైన ఇంటి వాకిలికన్నా ట్యాంకు అడుగు కనీసం ఐదారు మీటర్ల ఎత్తున ఉండాలి.

ట్యాంకులోకి వచ్చే పైపుకు ఫ్లోట్ వాల్వు పెట్టకండి. అది మూసుకుంటే పై నుంచి ఒత్తిడంతా పైపు మీద పడుతుంది. నిండిన నీటిని ఓవర్‌ఫ్లోలోనే పోనివ్వండి. ఆ నీటిని ముందు పశువుల తొట్టికీ, తర్వాత ఊరికి దిగువనున్న పల్పింగ్ చోటుకూ మళ్ళించండి. నవంబరు నుంచి జనవరి దాకా వానల తర్వాతి ఊట బలంగా ఉంటుంది కాబట్టి కాఫీకి నీళ్ళు కావాల్సిన రోజులూ, నీళ్ళు మిగిలే రోజులూ ఒకటే అవుతాయి. ఇది ఈ పథకంలో కాఫీ ఊరికి దొరికే పెద్ద లాభం.

పంపిణీలో ప్రతి వీధికీ విడి గేట్ వాల్వు పెట్టండి. లేకపోతే కింద వీధి కుళాయిలు తెరిచి ఉన్నంతసేపూ పై వీధికి చుక్క రాదు. కుళాయి కింద మీటరు గచ్చు, అక్కడి నుంచి అరటి పాదుకో ఇంకుడు గుంతకో కాలువ. కుళాయి దగ్గర బురద ఉందంటే దోమలు ఉన్నట్టే, ఏజెన్సీలో మలేరియా సంగతి వేరే చెప్పక్కర్లేదు.

మొదటిసారి శుద్ధి, తర్వాత రోజువారీ క్లోరిన్

కట్టిన కొత్తలో 10,000 లీటర్ల నీటిలో 2 కిలోల బ్లీచింగ్ పౌడరు కలిపి, ట్యాంకూ పైపులూ నింపి ఒక పగలూ రాత్రీ ఉంచండి. ఆ నీరు ఎవరూ తాగకూడదని ఇంటింటికీ చెప్పండి. తర్వాత గెడ్డలోకి కాకుండా ఖాళీ నేల మీదికి వదలండి, గెడ్డలో కలిస్తే చేపలు, పీతలు చస్తాయి.

రోజూ అయితే 1,000 లీటర్లకు మంచి పౌడరు రెండున్నర గ్రాములు, సంచి విప్పి నెల దాటితే నాలుగు గ్రాముల దాకా. అంటే 10,000 లీటర్లకు 25 నుంచి 40 గ్రాములు. బకెట్టు నీళ్ళలో కలిపి పావుగంట తేరనిచ్చి, పైన తేట మాత్రమే ట్యాంకులో పోయాలి. అడుగు సున్నం పోస్తే కుళాయిలు పూడుకుంటాయి. కలిపిన అరగంట దాకా నీళ్ళు వదలకండి. చిట్టచివరి ఇంటి కుళాయి దగ్గర క్లోరోస్కోపుతో (క్లోరిన్ కొలిచే చిన్న కిట్టుతో) చూస్తే లీటరుకు 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాములు ఉండాలి. వాసన వస్తోందని వృద్ధులు ఊట నీళ్ళకే పోతారు. బిందెలో పట్టి మూత లేకుండా గంట ఉంచితే వాసన పోతుందని చేసి చూపించండి. నీరు మసకగా ఉన్న రోజు క్లోరిన్ సరిగా పని చేయదు, ఆ రోజు కాచి తాగాల్సిందే.

కాఫీ కడిగిన నీళ్ళు ఏం చేయాలి

అరబికా పండు తొక్క తీశాక గింజకు జిగురు ఉంటుంది. అది పులిసి వదలడానికి చలి కొండల్లో 24 నుంచి 36 గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. తర్వాత మూడు నాలుగు నీళ్ళు మార్చి కడుగుతారు. ఆ నీటిలో చక్కెరలు, పులుపు ఉంటాయి. గెడ్డలో పోస్తే అవి కుళ్ళుతూ నీటిలోని ప్రాణవాయువును తినేస్తాయి. చేపలు తేలుతాయి, నీరు నల్లబడి కంపు కొడుతుంది, ఒంటికి తగిలితే దురద. దిగువ ఊరివాళ్ళు తాగేది అదే.

ముందు నీళ్ళ వాడకం తగ్గించండి. పల్పర్ కింద టబ్బు పెట్టి, అదే నీటిని ఆ రోజు పండ్లకంతా మళ్ళీ మళ్ళీ వాడొచ్చు. గింజ కడగడానికి మాత్రమే కొత్త నీరు వాడండి. తొక్క పండు బరువులో దాదాపు 40 శాతం ఉంటుంది. అది నీటిలో కలవకుండా జల్లెడ మీద ఆపండి. ఆ తొక్కను పేడ, బూడిదతో పొరలు పొరలుగా వేసి, పైన అడ్డాకులో టార్పాలినో కప్పి, నెలకోసారి తిరగేస్తే మూడు నాలుగు నెలల్లో తోటకు ఎరువు. కప్పకుండా కుప్ప పోస్తే వానకు నల్లటి రసం గెడ్డలోకే దిగుతుంది.

వాడిన నీటికి రెండు గుంతలు, ఒక్కోటి మీటరు పొడవు, వెడల్పు, లోతు, 1,000 లీటర్లు పట్టేవి. గెడ్డకూ ఊటకూ 50 మీటర్ల దూరంలో, ట్యాంకుకు దిగువన. మొదటి గుంతలో నీటికి గుప్పెడు గుప్పెడుగా సున్నం కలుపుతూ పీహెచ్ కాగితంతో చూడండి. కాగితం 4 దగ్గర మొదలై 6.5 కు వచ్చాక ఆపండి. మడ్డి దిగాక తేట రెండో గుంతలోకి పోయి ఇంకుతుంది. సున్నం కలపని నీటిని మొక్కల మొదట్లో పోయకండి, వేర్లు మాడతాయి. మిరియాల పాదులకు తెగుళ్ళ మందు బోర్డో మిశ్రమం కొట్టిన స్ప్రేయరు కడిగే చోటు కూడా ఇదే కావాలి, కుళాయి గచ్చు కాదు.

డబ్బు, మనిషి, నోటుపుస్తకం

ఈ ఊళ్ళలో నెలకు పాతిక రూపాయలు వసూలు చేయాలని చూస్తే మూడో నెలకే ఆగిపోతుంది. ఇంట్లో నెలనెలా డబ్బు ఉండదు. కాఫీ అమ్మిన రోజుల్లో ఇంటికి 300 రూపాయలు ఒకేసారి తీసుకోండి. 60 ఇళ్ళకు 18,000. నీళ్ళు చూసే మనిషికి నెలకు వెయ్యి చొప్పున 12,000, మిగిలిన 6,000 సామానుకు. ఖాతా నీటి కమిటీ పేరున, సంతకాలు ఇద్దరివి, అందులో ఒకరు మహిళ. కమిటీలో సగం మంది మహిళలుండాలన్నది నియమం. నీళ్ళు మోసేది వాళ్ళే కాబట్టి అంతకన్నా ఎక్కువున్నా మంచిదే.

నీళ్ళు చూసే మనిషి ఇంట్లో ఎప్పుడూ ఉండాల్సిన సామాను: 32 మి.మీ. కప్లింగులు నాలుగు, పైపు ఆరు మీటర్లు, కుళాయిలు ఐదు, వాషర్లు ఇరవై, పైపు రెంచీలు రెండు, హాక్సా, టేపు. ఒక కప్లింగు కోసం పాడేరు పోయి రావడానికి రోజు పడుతుంది, ఆ రోజంతా ఊరు గెడ్డ నీళ్ళు తాగుతుంది.

నెలలో మొదటి సంత మర్నాడు ఊట దగ్గరికెళ్ళి ఆకులు తీసి, అడుగు వాల్వు విప్పి మడ్డి వదిలి, బకెట్టు కొలత నోటుపుస్తకంలో రాయాలి. ట్యాంకు మూడు నెలలకోసారి కడగాలి, వానలకు ముందు తప్పకుండా.

ఆ పుస్తకం చెప్పేది ఒకటుంది. ఏటా ఏప్రిల్ అంకె తగ్గుతూ వస్తుంటే పైన కొండ నీరు తాగడం లేదని అర్థం. ఊటకు పై వాలులో 2 మీటర్ల పొడవు, అర మీటరు వెడల్పు, అర మీటరు లోతు కందకాలు అడ్డంగా, ఒకదాని వెనక ఒకటి కాకుండా ఎడమెడంగా తవ్వండి. ఒక్కోటి 500 లీటర్లు ఆపుతుంది. సిక్కింలో ధారా వికాస్ పేరుతో చేసింది ఇలాంటి పనే. మరీ నిటారు వాలు మీద మాత్రం తవ్వకండి, వానకు కొండచరియ జారుతుంది. అక్కడ తుప్పల్ని, నీడ చెట్లను కదపకుండా ఉంచడమే పని.

నీళ్ళు ఆగిపోతే ముందు ఊట దగ్గరికే పరుగెత్తండి. ఓవర్‌ఫ్లో పొర్లుతోందంటే ఊట బాగుంది, తప్పు పైపులో ఉంది. జల్లెడ మూసుకుందేమో చూడండి. అది బాగుంటే పల్లంలో వాల్వు విప్పండి. గుక్కలు గుక్కలుగా, బుడబుడమంటూ వస్తే గాలి ఇరుక్కుంది, ధార తిన్నబడేదాకా వదిలి మూసేయండి. చుక్క కూడా రాకపోతే ఆ వాల్వుకు పైనే ఎక్కడో ఊడింది. గుర్తు రాళ్ళ వెంబడి నడవండి, ఎండాకాలంలో పచ్చగా గడ్డి మొలిచిన చోట తవ్వండి.